కానిస్టేబుల్ గూన్ తరఫున

మా మామయ్య 33 ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. చిన్నప్పుడు పుస్తకాల్లో నన్ను అందరికన్నా ఎక్కువగా నవ్వించిన మనిషీ ఒక కానిస్టేబులే. ఈ రెండింటికీ ఏదైనా సంబంధం ఉందేమోనన్న ఆలోచన నలభై దాటేదాకా నాకు రాలేదు. పుస్తకాలు చదివితే బుద్ధి పెరుగుతుందని మా ఇంట్లో అందరూ నమ్మేవారు. నా విషయంలో అది కాస్త ఆలస్యమైంది.

ఆ పుస్తకాల కానిస్టేబుల్ పేరు థియోఫిలస్ గూన్. ఇంగ్లీషు పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ రాసిన, ఐదుగురు పిల్లలు మిస్టరీలు ఛేదించే ‘ఫైవ్ ఫైండ్-ఔటర్స్’ కథల్లో పీటర్స్‌వుడ్ అనే ఇంగ్లండు పల్లెలో పోలీసంటే అతనే. 1943 నుంచి 1961 వరకు ఈ వరుసలో 15 పుస్తకాలు వచ్చాయి. బ్లైటన్ అనగానే చాలామందికి ‘ఫేమస్ ఫైవ్’ గుర్తొస్తుంది: దీవులు, సొరంగాలు, స్మగ్లర్లు. నాకు వాళ్ళ మీద ఎప్పుడూ పెద్దగా మనసు పోలేదు. మా ఊళ్ళో దీవీ లేదు, సొరంగమూ లేదు. ఫైండ్-ఔటర్స్ సంగతి వేరు. నాలుగు వీధుల ఊరు, వంటమనుషులు, తోటమాలులు, రొట్టెలు తెచ్చేవాడు, ఒకరింట్లో గిన్నె జారిపడితే పక్కింటికి వినిపించే జీవితం. చెట్ల పేర్లు తెలియకపోయినా ఆ ఊరు నాకు తెలుసు.

నాన్నగారు నెలకొకసారి పని మీద విజయవాడ వెళ్ళేవారు. తిరిగి వస్తూ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాల దగ్గర ఆగి, దొరికింది తెచ్చేవారు. వరుస గిరుస ఏమీ లేదు. ఏడోది ముందు వచ్చింది, రెండోది మూడేళ్ళ తర్వాత వచ్చింది. ఒకదానికి చివరి ఎనిమిది పేజీలు లేవు. అందులో దొంగ ఎవరో నాకు ముప్పై ఏళ్ళకు తెలిసింది. ఈలోగా నేనూ తమ్ముడూ కలిసి ఆ కథలోని ప్రతి మనిషినీ ఒక్కొక్క వేసవిలో దొంగను చేశాం. అసలు ముగింపు కంటే మావే బాగున్నాయని ఇప్పటికీ అనుకుంటాను.

పిల్లల్ని చూడగానే గూన్ ‘క్లియర్ ఆర్ఫ్!’ అని అరుస్తాడు. పిల్లలు అతనికి పెట్టిన పేరు కూడా అదే. మా ఇంటి నిఘంటువులో ‘ఆర్ఫ్’ లేదు. నిఘంటువులో కూడా వేయకూడనంత ఘోరమైన తిట్టు కాబోలనుకుని, భయభక్తులతో దాన్ని కాకుల మీదా, పక్కింటి పిల్లి మీదా, ఒకసారి గేటు దాటి వెళ్ళిపోయిన ట్యూషన్ మాస్టారి వీపు మీదా వాడాం. తీరా చూస్తే అది ‘ఆఫ్’ అనే మామూలు మాట, రెండూ కలిపితే ‘పొండి ఇక్కణ్ణుంచి’ అని. గూన్ దాన్ని పలికే తీరును వెక్కిరిస్తూ అలా అచ్చు వేశారు. ఆ వెక్కిరింతలో తెలియకుండానే మేమూ గొంతు కలిపాం.

కిందటి వేసవిలో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల మధ్య ఆరు ఫైండ్-ఔటర్స్ ఒకేచోట కనిపించాయి. మిగిలినవి తెప్పించుకుని, 15 పుస్తకాలనూ వచ్చిన వరుసలో మొదటిసారి చదివాను. చిన్ననాటి పుస్తకాల జోలికి మళ్ళీ వెళ్ళకూడదని, వెళితే ఉన్న తీపి కూడా పోతుందని అనే స్నేహితులున్నారు నాకు. ఆ భయం నాకు లేదు. పోయే తీపి ఎలాగూ పోతుంది, దాని కింద ఏముందో చూడాలని నా ఆత్రం.

ముందు మంచి మాటలు చెప్పుకోవాలి. ఇవి మిస్టరీలుగా నిలబడ్డాయి. మొదటి కథలో హిక్ అనే ఆయన కుటీరం తగలబడుతుంది. అందరి మీదా అనుమానం పడుతుంది: ఉద్యోగం పోయిన సేవకుడి మీద, గుడ్లు దొంగిలించిన దేశదిమ్మరి మీద, పాత కాగితాల పిచ్చి ఉన్న ముసలాయన మీద. ఆ సమయానికి తాను లండన్ రైల్లో ఉన్నానని హిక్ చెబుతాడు. ఆ సాయంత్రమే ఊరి మీదుగా కొన్ని విమానాలు ఎగిరి వెళ్ళాయి. మాటల సందర్భంలో వాటిని తానూ చూశానని హిక్ నోరు జారతాడు. రైల్లో ఉన్నవాడికి ఊరి మీది విమానాలు ఎలా కనిపించాయి? బీమా డబ్బు కోసం తన కుటీరాన్ని తానే తగలబెట్టుకున్నాడు. (80 ఏళ్ళ నాటి పుస్తకంలో రహస్యం దాచమంటే నా వల్ల కాదు.) ఆధారం మన కళ్ళ ముందే ఉంది, మనం చదువుతూనే దాటిపోయాం. తొమ్మిదేళ్ళ పిల్లల్ని ఇంత నిజాయితీగా మోసం చేయడం తేలిక పని కాదు.

ఇప్పుడు ఇంకొకటి కూడా కనిపించింది. అది 1943. అవి యుద్ధ విమానాలు. ఒక మహాయుద్ధం ఆ ఊరి ఆకాశంలోంచి దాటిపోయి, దొంగను పట్టించే ఆధారంగా మాత్రమే మిగిలింది.

తిండి సంగతీ అంతే. ఈ పిల్లలు ఏ అనుమానితుడి గురించి చర్చించాలన్నా ముందు టీ దుకాణంలో కూర్చుని మకరూన్లు, మెరింగులు, కేకులు తెప్పించుకోవాలి. డబ్బు ఎప్పుడూ వాళ్ళ నాయకుడు ఫ్యాటీదే. మకరూన్ అంటే ఏమిటో తెలియక, మచిలీపట్నం హల్వా, కాజా, సున్నుండ కలిపితే వచ్చే పదార్థంగా దాన్ని ఊహించుకున్నాను. అక్కడి పిల్లలకు రోజూ దొరికేది మాకు దొరకడం లేదన్న దిగులు కూడా ఉండేది. నిజానికి ఇంగ్లండులో యుద్ధకాలపు రేషను 1954 జులైలో గానీ పూర్తిగా ఎత్తివేయలేదు. మిఠాయిల మీద రేషను 1953 ఫిబ్రవరి దాకా నడిచింది. అంటే మొదటి పదకొండు పుస్తకాలూ ఏదో ఒక రేషను ఉన్న కాలంలోనే అచ్చయ్యాయి. వాటిని అప్పుడు చదివిన లండన్ పిల్లవాడికీ ఆ మకరూన్ల పళ్ళెం నాకున్నంత దూరంలోనే ఉంది. ఇన్నేళ్ళుగా మోసిన అసూయ ఒక్క పూటలో దిగిపోయింది.

ఇక గూన్ దగ్గరికి వస్తాను.

కథలన్నీ సెలవుల్లోనే జరుగుతాయి. క్రిస్మస్, ఈస్టర్, వేసవి. చిన్నపిల్ల బెట్స్ సంగతి అటుంచితే, మిగిలినవాళ్ళు బోర్డింగు స్కూళ్ళ నుంచి రైలు దిగుతారు, మిస్టరీ ఏమైనా ఉందా అని వెతుకుతారు, సెలవులు అయిపోగానే వెళ్ళిపోతారు. ఏడాది పొడుగునా ఆ ఊళ్ళో ఉండేది గూన్. తప్పిపోయిన కుక్కలు, లైట్లు లేని సైకిళ్ళు, రాత్రి గస్తీ అతనివి. అతనికి ఒక సైకిలు, ఒక విజిల్, ఒక నోటుబుక్కు, ఒక చిన్న ఇల్లు, పనికి వచ్చి వెళ్ళే మనిషి ఉన్నాయి. భార్యాపిల్లలు ఎక్కడా కనిపించరు. ఫ్యాటీకి మేనమామలు, అత్తలు, అమ్మమ్మలు ఇచ్చే డబ్బు జేబుల్లో పట్టదు. మారువేషాల కోసం విగ్గులు, కృత్రిమ దంతాలు, పాత బట్టలు ఒక షెడ్డు నిండా ఉంటాయి. వాళ్ళ కుక్క బస్టర్ ప్రతి పుస్తకంలోనూ యూనిఫారం వేసుకున్న మనిషి మడమలు పట్టుకుంటుంది. మనం ప్రతి పుస్తకంలోనూ నవ్వుతాం.

ఒక పుస్తకంలో గూన్ ఏదో శిక్షణకు వెళ్ళి, మారువేషాలు వేయడం నేర్చుకుని వస్తాడు. తానూ ఫ్యాటీలా అవ్వాలని. ఏ వేషం వేసినా ఆ ఉబ్బిన కళ్ళు, ఆ పొట్ట, ఆ బూట్లు అతన్ని పట్టిస్తాయి. పిల్లలు గుర్తుపట్టనట్టు నటిస్తూ ఆడుకుంటారు. చిన్నప్పుడు ఆ పేజీల దగ్గర నాకు కడుపు నొప్పి వచ్చేంత నవ్వు. ఈసారి పుస్తకం పక్కన పెట్టి నీళ్ళు తాగి వచ్చాను. సర్వీసులో సగం గడిచాక, తనను వెక్కిరించే పిల్లల విద్య తానూ నేర్చుకుందామని శిక్షణకు వెళ్ళినవాడు నాకు హాస్యగాడిగా తోచలేదు.

1949లో వచ్చిన పాంటొమైమ్ (పాటలు, హాస్యం కలిసిన ఇంగ్లీషు రంగస్థల ప్రదర్శన) పిల్లి కథ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది దాని వల్లే. గూన్ సెలవు మీద వెళితే అతని బదులు పిప్పిన్ అనే కుర్ర కానిస్టేబుల్ వస్తాడు. మంచివాడు, ఉత్సాహం ఉన్నవాడు. పిల్లలకు మిస్టరీ దొరకక విసుగు. దాంతో పిప్పిన్ కోసం ఒక దొంగ మిస్టరీని తయారు చేస్తారు. ఊరి థియేటరు వెనక ఏదో ముఠా కలుసుకుంటున్నట్టు భ్రమ కల్పించి, అక్కడ ఆనవాళ్ళు చల్లుతారు. వాటిలో ‘జడ్’ అక్షరం కుట్టిన చేతిరుమాలు ఒకటి. ఆ అక్షరంతో పేరు మొదలయ్యేవాళ్ళు ఊళ్ళో ఎవరూ ఉండరులే అని వాళ్ళ ధీమా. ఆ రాత్రే ఆ థియేటరులో నిజంగా దొంగతనం జరుగుతుంది. జోయీ అనే నటి ఆ థియేటరులోనే పని చేస్తుంది. ఇంగ్లీషులో ఆమె పేరు మొదలయ్యేది ‘జడ్’తోనే. పిల్లలు సరదాకి కుట్టిన అక్షరం ఒక ఆడమనిషిని అనుమానితురాలిని చేస్తుంది.

పిల్లలు తమ తప్పు ఒప్పుకుంటారు. సిగ్గుపడతారు. ఇన్‌స్పెక్టర్ జెంక్స్ చేత మాటలు పడతారు. ఆ తర్వాత అసలు దొంగను పట్టుకుని మళ్ళీ మెప్పు పొందుతారు. అంతటితో సరి. చెడ్డ పని చేశారని బ్లైటన్ స్పష్టంగానే రాసింది, ఆ మాట దాచను. కానీ ఆ పని గూన్ మేనల్లుడు ఎర్న్ చేసి ఉంటే ఏమయ్యేది? చిన్న తప్పులకే అతని వీపు మీద బెత్తం ఆడుతుంది. ఫ్యాటీ చేస్తే మందలింపుతో, ఎర్న్ చేస్తే దెబ్బలతో తీరుతుంది. ఈ తేడాను ఆ ఊళ్ళో ఎవరూ వింతగా చూడరు.

మామయ్య చెప్పే కథ ఒకటి ఉంది. అతను పని చేసిన ఊళ్ళో ఒక పెద్దమనిషి గారి అబ్బాయిలు సెలవులకు వచ్చారు. రాత్రి పదకొండింటికి స్టేషనుకు ఫోను, చెరువు గట్టు మీద ఎవరో పడి ఉన్నారని. మామయ్య సైకిలు మీద వెళ్ళాడు. దారిలో గుంతలో పడి మోకాలు చీరుకుపోయింది. గట్టు మీద చూస్తే గడ్డి కూరిన ప్యాంటూ చొక్కా. తుమ్మ చెట్ల వెనక నుంచి నవ్వులు. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళితే, పెద్దమనిషి వరండాలో కాఫీ ఇప్పించి, “పిల్లలయ్యా, సెలవుల్లో ఏదో సరదా” అన్నాడు. మామయ్య ఏమీ అనలేదు. లోపల హాల్లో సోఫా మీద వాళ్ళ ఎస్సై కూర్చుని అదే కాఫీ తాగుతున్నాడు.

పండగలకు అందరం చేరినప్పుడు మామయ్య దీన్ని అభినయంతో సహా చెప్పేవాడు. గడ్డి బొమ్మను తాను లేపిన తీరు, “లేవయ్యా, ఏ ఊరు నీది?” అని దాన్ని అడిగిన తీరు. మేమందరం పడి పడి నవ్వేవాళ్ళం. అత్తయ్య మాత్రం ఆ కథ మొదలవగానే వంటింట్లోకి వెళ్ళిపోయేది. పొయ్యి మీద ఏదో ఉందేమోననుకునేదాన్ని.

చిన్నపిల్లల పుస్తకాన్ని బోనులో నిలబెట్టి ఇంత విచారణ దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. పైగా గూన్ ఏమంత మంచివాడు? కాదు. మేనల్లుడిని కొడతాడు. బలహీనుల మీద గద్దింపు, పెద్దవాళ్ళ ముందు వంగడం అతని పద్ధతి. ఐదో కథలో మైనపు బొమ్మల ప్రదర్శనలో ఫ్యాటీ నెపోలియన్ బొమ్మగా, గూన్ పోలీసు బొమ్మగా నిలబడి దొంగల మాటలు వింటుంటారు. గూన్ తుమ్ముతాడు, పట్టుబడింది ఫ్యాటీ. అతన్ని విడిపించకుండానే గూన్ వెళ్ళిపోతాడు. ఇది క్షమించదగ్గ పని కాదు. మా మామయ్య అలా చేయడు.

గూన్‌ను సాధువును చేయడం నా ఉద్దేశం కాదు. అతను చెడ్డవాడు కాబట్టి మనం నవ్వుతున్నామని నమ్మిస్తూ, అతను కింది మెట్టు మీద ఉన్నాడు కాబట్టి నవ్వించారని నా అభియోగం. హిక్ బీమా కంపెనీని మోసం చేశాడు. అతని మడమలు కుక్క చేత కొరికించి ఎవరూ నవ్వించలేదు. అతను ‘ఆర్ఫ్’ అనడు కదా.

యాస గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మన సినిమాల్లో ఏళ్ళ తరబడి హీరో పుస్తకాల తెలుగు మాట్లాడుతుంటే, రౌడీకి తెలంగాణ యాసనూ, పనిమనిషికి శ్రీకాకుళం యాసనూ తగిలించి నవ్వించారు. ఎర్న్‌ది అదే గతి. అతనికి కవిత్వమంటే ప్రాణం. ‘పోయెమ్స్’ను ‘పోమ్స్’ అంటాడు, ‘పోయెట్రీ’ని ‘పోర్ట్రీ’ అంటాడు. నోటుబుక్కు ముందు పెట్టుకుని గంటల తరబడి కుస్తీ పడితే రెండు మూడు పాదాలు వస్తాయి, ఆ తర్వాత ఆగిపోతాయి. ఫ్యాటీ నిలబడిన చోటే ఆశువుగా పుంఖానుపుంఖాలుగా పాడేస్తాడు. ఎర్న్ నోరు తెరుచుకుని చూస్తాడు. చిన్నప్పుడు నేను ఫ్యాటీ పక్షం. ఇప్పుడు, నాలుగు వాక్యాలు రాయడానికి మూడు రాత్రులు పట్టే వయసులో, మూడో పాదం దగ్గర ఆగిపోయినవాడే నాకు కవిగా కనిపిస్తున్నాడు.

ఇలాంటి పుస్తకాలను ఏం చేయాలన్న చర్చ ఇంగ్లండులో ఎప్పటి నుంచో ఉంది. 2010లో హాషెట్ ప్రచురణ సంస్థ ‘ఫేమస్ ఫైవ్’ భాషను ఈ కాలపు పిల్లలకు తగ్గట్టు మార్చి వేసింది. పాఠకులు ఒప్పలేదు. 2016లో ఆ మార్పులు వదిలేసి పాత పాఠానికే తిరిగి వెళ్ళింది. మాటలు మార్చడం వల్ల ఏదో బాగుపడుతుందని నాకు ఏనాడూ నమ్మకం లేదు. కించపరిచే మాట ఉంటే తీసేయవచ్చు. పాంటొమైమ్ పిల్లి కథలో మాత్రం ఏ మాట తీస్తారు? చేతిరుమాలు తీస్తే కథే లేదు. తొమ్మిదో పుస్తకంలో టెటారువా అనే లేని దేశపు రాకుమారుడు మాయమవుతాడు. మన పిల్లలు రంగురంగుల బట్టలు వేసుకుని, నోటికొచ్చిన శబ్దాలు చేస్తూ, అదే విదేశీ భాష అని గూన్‌ను నమ్మిస్తారు. కృష్ణా జిల్లాలో కూర్చుని ఆ శబ్దాలకు నేనూ నవ్వాను. ఆ ‘విదేశీ’లలో నేనూ ఉన్నానని తెలియకుండా. అక్కడ దిద్దడానికి ఒక్క చెడ్డ మాట దొరకదు.

బ్లైటన్ ఇదంతా కావాలని చేసిందా? చేయలేదనే అనుకుంటాను. 1953లో పీటర్ మెకెల్లర్ అనే మనస్తత్వవేత్తకు రాసిన ఉత్తరాల్లో ఆమె తన పద్ధతి వివరించింది. కథను ముందుగా అల్లుకోదు. కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మీద టైప్‌రైటరుతో ఎదురుచూస్తుంది. మనసులో ఒక సినిమా తెరలాంటిది వెలుగుతుంది, మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి మాట్లాడతారు, ఆమె టైపు చేస్తుంది. రోజుకు పదివేల మాటలు రాసిన రోజులు కూడా ఉన్నాయంటారు. అంత వేగంలో మనిషికి ఆలోచించి దాచుకునే తీరిక ఉండదు. తెర మీదికి కానిస్టేబుల్ ఎప్పుడూ లావుగా, తెలివితక్కువగా, యాసతో వచ్చాడంటే, ఆమె చుట్టూ ఉన్న ఇళ్ళలో వరండా అవతలి మనిషిని అలాగే చూసేవారన్న మాట. ఆమె ఒకప్పుడు కాపురమున్న బోర్న్ ఎండ్ గ్రామమే పీటర్స్‌వుడ్‌కు నమూనా అంటారు. థేమ్స్ ఒడ్డు, బాగున్న ఇళ్ళు, బాగున్న తోటలు. ఆలోచించి రాసే రచయిత దాచేసేదాన్ని ఈవిడ తన వేగంతో బయటపెట్టేసింది. అందుకే ఈ పుస్తకాలు అలాగే ఉండాలని నా వాదన. పదేళ్ళప్పుడు ఒకసారి, నలభై దాటాక ఇంకోసారి చదవడానికి.

బెట్స్ గురించి రాయకపోతే నాకే బాగుండదు. అందరికన్నా చిన్నది, అందరూ ‘నీకేం తెలుసులే’ అనే పిల్ల. ఎన్నో పుస్తకాల్లో చివరి ముడి విప్పేది ఆమె నోటి నుంచి అనుకోకుండా వచ్చిన మాటే. మెప్పు మాత్రం ఫ్యాటీకి. దాని మీద ఇంకో వ్యాసం రాయవచ్చు గానీ, మా ఇంట్లో ఉన్న అన్నయ్యలు నాతో మాట్లాడటం మానేస్తారు.

పదిహేనూ చదవడం పూర్తయిన రాత్రి మామయ్యకు ఫోను చేశాను. ఇప్పుడు వినికిడి తగ్గింది, గట్టిగా చెప్పాలి. పీటర్స్‌వుడ్ గురించి, గూన్ గురించి, చేతిరుమాలు గురించి మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. శ్రద్ధగా విన్నాడు, మధ్యలో డ్యూటీ అడిగినట్టు ప్రశ్నలు.

“ఊరంతటికీ ఒక్కడేనా అమ్మాయీ?”

“ఒక్కడే.”

“సెలవు పెడితే రిలీవరు?”

“ఒకసారి ఒక కుర్రాడు వచ్చాడు, పిప్పిన్ అని. పిల్లలు ఆడుకున్నది ముందు అతనితోనే.”

“దొంగ సాక్ష్యం సృష్టించారు కదా, ఆ పిల్లల మీద ఏమైనా రాశారా?”

“లేదు మామయ్యా. ఇన్‌స్పెక్టర్ వాళ్ళకు బాగా స్నేహితుడు.”

“అదీ సంగతి,” అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక నుంచి అత్తయ్య ఎవరు ఫోను అని అడుగుతోంది.

“ఆ ఇన్‌స్పెక్టర్ తర్వాత ఏమయ్యాడు?”

“చీఫ్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. చివరికి సూపరింటెండెంట్.”

“ఎన్ని పుస్తకాలన్నావు?”

“పదిహేను.”

“పదిహేనింటిలోనూ మనవాడికి ప్రమోషన్ రాలేదా?”